ఇంట్లోనే కదా!

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి నుంచి మియాపూర్ దాకా అపార్ట్‌మెంట్లలో వెతికితే, ఇంట్లో గోళ్ల పని చేసే అమ్మాయి తప్పకుండా దొరుకుతుంది. బెడ్‌రూంలో ఒక బల్ల, బల్ల మీద ల్యాంపు, గోడకి రంగు సీసాల స్టాండు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ. నేనూ ఆ గుంపులోదాన్నే. మా అందరికీ రోజూ వినపడే మాట ఒకటుంది. రేటు చెప్పగానే కస్టమరు గదిని ఓసారి కలయజూసి, "ఇంట్లోనే కదా అక్కా, అద్దె కూడా లేదు, కొంచెం తగ్గించు" అంటుంది. నాకు కోపం రాదు. ఈ పనిలోకి దిగేముందు మేమూ అదే లెక్క వేసుకుంటాం. షట్టరు అద్దె లేదు, అడ్వాన్సు లేదు, పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఎదురుగా ఉంటాం.

అద్దె లేకపోవడమేమిటి, ఆ అద్దెని ఇల్లే కడుతుంది. ముందుగా మూడో బెడ్‌రూం పోతుంది. చుట్టాలొస్తే హాల్లో పరుపులు. గోరు అరగదీస్తుంటే లేచే పొడి ఎంత సన్నగా ఉంటుందంటే, డస్ట్ కలెక్టర్ పక్కనే తిరుగుతున్నా సాయంత్రానికి కిటికీ గట్టు మీద తెల్లటి పొర తేలుతుంది. అది పిల్లల పుస్తకాల మీదికీ పక్కల మీదికీ పోకుండా తలుపు మూసే ఉంచాలి. తలుపు మూసి ఏసీ వేస్తే వాసనలు అక్కడక్కడే తిరుగుతాయి. సరే అని ఎగ్జాస్ట్ ఫ్యాను పెడితే చల్లదనం నిలవదు. కరెంటు బిల్లులో జెల్ గట్టిపరిచే ల్యాంపు వాటా ఏమంత ఉండదు, అది 48 వాట్ల బుల్లి యంత్రం. బిల్లు పెంచేది ఏసీ.

అన్నిటికన్నా నాకు భయం రంగు తీసే అసిటోన్. మామూలు గది వేడికే ఆవిరవుతుంది, ఆ ఆవిరికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. మన ఫ్లాట్లలో దేవుడి గది, పొయ్యి, ఈ బల్ల అన్నీ నాలుగడుగుల్లోనే ఉంటాయి. పొద్దున దీపం, అగరొత్తులు ఎలాగూ తప్పవు. అందుకే అసిటోన్ డబ్బా వాటికి దూరంగా అల్మరాలో తాళం కింద ఉంటుంది. బల్ల మీదికి ఆ పూటకి సరిపడా చిన్న సీసాలోనే వస్తుంది.

మా అత్తయ్యగారికి మొదట్లో ఉన్న అభ్యంతరం వేరు. "సంపాదించుకో తల్లీ, ఎవరొద్దన్నారు? మంగళవారం, శుక్రవారం మాత్రం ఇంట్లో గోళ్లు రాలకూడదు. దీపాలు పెట్టాక అసలే వద్దు" అన్నారు. నేను వాదించలేదు. ఆ రెండు రోజులూ ఎలాగూ వచ్చేవాళ్లు తక్కువే, మా కస్టమర్ల ఇళ్లలోనూ అత్తగార్లున్నారు. కాబట్టి ఆ రోజులు పనిముట్లు శుభ్రం చేసుకోవడానికీ, ఆర్డరు మీద అతికించుకునే ప్రెస్-ఆన్ గోళ్లు తయారు చేసుకోవడానికీ పెట్టుకున్నాను. దీపాల షరతు మాత్రం నిలబడలేదు. సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు వచ్చేదే రాత్రి ఏడు దాటాక.

పంచాంగం చూడకుండా ఈ వ్యాపారం నడవదు. మాఘం, వైశాఖం పెళ్లిళ్లప్పుడు కూర్చున్న కుర్చీలోంచి లేవం. మూఢం వచ్చిందంటే గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడమే, అవీ మన గోళ్లే. ఆషాఢంలో ఇంటింటా గోరింటాకు రుబ్బుతారు. ఎర్రగా పండిన గోటి మీద నా రంగు ఎవరికి కావాలి? శ్రావణం రాగానే మళ్లీ ఫోన్లు మొదలు. టోలీచౌకి వైపు నుంచి వచ్చే ముస్లిం అమ్మాయిలు రంజాన్ నెలకి ముందే గోరు పొడిగించే ఎక్స్‌టెన్షన్లు తీయించుకుంటారు. గోటి మీద పొర ఉంటే వజూ నీళ్లు గోటికి తగలవు కదా. పండగ పూట పెట్టుకుని తీసేసేలా ప్రెస్-ఆన్‌లు చేసివ్వమంటారు. ఇక మనం చేత్తో కలుపుకుని తినేవాళ్లం. లేత రంగు జెల్ వేయించుకుని ఆదివారం ఆవకాయ అన్నం తింటే సోమవారం పొద్దున్నే ఫోటో వస్తుంది, "అక్కా, పచ్చగా అయిపోయాయి" అని. పసుపు మరక ఎండకి వెలుస్తుంది, కాసేపు చేతులు ఎండలో పెట్టమంటాను. "స్పూనుతో తింటారా, చేత్తోనా?" అని అడిగాకే ఇప్పుడు రంగులు చూపిస్తున్నాను.

రేటు సంగతికొస్తే, ఎక్స్‌టెన్షన్లు శుభ్రంగా వేయాలంటే రెండు గంటలు. ఆ మనిషి వెళ్లాక బల్ల తుడిచి, వాడిన ఫైళ్లు పారేసి, లోహపు పనిముట్లని సబ్బునీళ్లతో తోమి, ఆరబెట్టి, క్రిమిసంహారకంలో నానేసేసరికి ఇంకో అరగంట. దానికి నేను తీసుకునే 1500 రూపాయల్లోంచి టిప్పులు, జెల్లు, ఫైళ్లు, కరెంటు తీసేసి మిగిలినదాన్ని ఆ రెండున్నర గంటలతో భాగించి చూడండి. ఆ తర్వాత తగ్గించమని అడగబుద్ధయితే అడగండి.

వేయడం యూట్యూబ్ చూసి కూడా నేర్చుకోవచ్చు. పనితనం తెలిసేది తీసేటప్పుడే. జెల్ పాలిష్ తీయాలంటే పైన మెరుపు పొరని ఫైలుతో గరుకు చేయాలి, అసిటోన్‌లో తడిపిన దూదిని గోటి మీద పెట్టి ఫాయిల్ చుట్టాలి, పది పదిహేను నిమిషాలు ఆగాలి. మెత్తబడితే పుల్లతో నెడితే ఊడివస్తుంది. రాకపోతే మళ్లీ చుట్టాలి, అంతే. హార్డ్ జెల్ అయితే అసిటోన్‌కి కరగదు, ఓపిగ్గా అరగదీయాల్సిందే. అరగదీసే ఈ-ఫైలు యంత్రం ఒకేచోట ఆగిందంటే కిందున్న గోటి మీద ఎర్రటి గాడి పడుతుంది. చాలామందికి ఈ ఓపికే ఉండదు. ఒక మూల లేచింది కదా అని పెకలించేస్తారు, దాంతోపాటు అసలు గోటి పొరలూ లేచొస్తాయి. గోరు మందం అర మిల్లీమీటరు. నెలకి పెరిగేది దాదాపు 3 మిల్లీమీటర్లు. పాడైన గోరు మొదటి నుంచి చివరిదాకా కొత్తగా రావడానికి ఆరు నెలలు పడుతుంది. వేసినందుకు నవ్వుతూ డబ్బిచ్చేవాళ్లు కూడా "తీయడానికీ డబ్బులా?" అంటారు. తీసుకుంటాను. అన్నిటికన్నా కష్టమైన పని అదే.

ఇంకో సంగతి సీసాలో ఏముందన్నది. జెల్ పాలిష్‌లలో విరివిగా వాడే హెమా అనే పదార్థం ల్యాంపు కింద పూర్తిగా గట్టిపడ్డాక పేచీ పెట్టదు. గట్టిపడని జెల్ పదేపదే చర్మానికి తగిలితేనే ముప్పు. వేళ్ల చుట్టూ దురద, పొక్కులు వస్తాయి, గోరు అడుగునుంచి లేచిపోతుంది. ఆ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే సాధారణంగా జన్మంతా ఉంటుంది. పళ్లకి ఫిల్లింగు చేసే సరుకులో కూడా ఈ కుటుంబం పదార్థాలే ఉంటాయి కాబట్టి పంటి డాక్టరు దగ్గరా ఇబ్బందే. రోజంతా వాటిని ముట్టుకునేది మేమే కాబట్టి కస్టమరు కన్నా మాకే ముప్పెక్కువ. 2018లో బ్రిటన్ చర్మవైద్యుల సంఘం ఇంట్లో వాడే కిట్ల గురించి హెచ్చరించింది. యూరోపియన్ యూనియన్ హెమా ఉన్న గోళ్ల సరుకుని వృత్తి చేసేవాళ్లకే పరిమితం చేసింది. జెల్ గట్టిపడటానికి కలిపే టీపీవో అనే పదార్థాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి ఏకంగా నిషేధించింది. యాక్రిలిక్‌లో పాత విలన్ ఎంఎంఏ అనే ద్రవం. 1970ల్లోనే అమెరికా ఎఫ్‌డీఏ దాని మీద చర్య తీసుకుంది. ముక్కుపుటాలదిరే ఘాటు, అసిటోన్‌కి ఓ పట్టాన కరగకపోవడం దాని గుర్తులు. మన హోల్‌సేల్ బజారుకెళ్తే ఏ పదార్థం పేరూ రాయని సీసా సగం ధరకి దొరుకుతుంది. రేటు తగ్గించమన్న ప్రతిసారీ మమ్మల్ని ఆ సీసా వైపే తోస్తున్నారని కస్టమర్లకి తెలియదు.

డాలస్‌లో ఉండే మా ఆడపడుచు మొన్న వచ్చినప్పుడు, "వదినా, ఇదే పని అక్కడ చేస్తే డాలర్లే డాలర్లు" అంది. "మరి నువ్వే మొదలుపెట్టొచ్చుగా" అన్నాను. అదంత తేలిక కాదట. టెక్సాస్‌లో ఇంకొకరి గోటికి డబ్బు తీసుకుని రంగు వేయాలంటే 600 గంటల శిక్షణ, పరీక్ష, లైసెన్సు కావాలి. పనిచేసే చోటుకి వేరే లైసెన్సు. కాలిఫోర్నియాలో 400 గంటలు, న్యూయార్క్‌లో 250. పైగా మా ఆడపడుచులా హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్లకి పని అనుమతి లేకపోతే లైసెన్సు తెచ్చుకున్నా చేయకూడదు. అక్కడ గోళ్ల దుకాణాల్లో పెద్ద వాటా వియత్నాం నుంచి వచ్చినవాళ్లది. దాని వెనక కథ నాకు చాలా ఇష్టం. 1975లో సైగాన్ పడిపోయాక కాలిఫోర్నియా శిబిరానికి చేరిన ఆడవాళ్లు, చూడటానికొచ్చిన హిచ్‌కాక్ 'ది బర్డ్స్' కథానాయిక టిప్పి హెడ్రెన్ గోళ్లు చూసి ముచ్చటపడ్డారట. ఆవిడ తన గోళ్లు చేసే మనిషినే రప్పించి ఇరవైమందికి పని నేర్పించింది. దిక్కులేక వచ్చినవాళ్లకి కూడా అక్కడ ముందు శిక్షణ, లైసెన్సు, ఆ తర్వాతే పని.

మన దగ్గర ఇంకొకరి గోరు పట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్‌కి నెయిల్ టెక్నీషియన్ కోర్సు ఉంది, చేసి తీరాలన్న నిర్బంధం లేదు. రెండు మూడు రోజుల క్లాసుకెళ్లి సర్టిఫికెట్ గోడకి తగిలించినవాళ్లనీ చూశాను. రోడ్డు మీది షాపుకైతే కనీసం పోయేవాళ్ల కళ్లుంటాయి, పక్కషాపుతో పోటీ ఉంటుంది. ఇంట్లో తలుపు మూసుకుని చేసేదాన్ని చూసేవాళ్లుండరు. "ఇంట్లోనే కదా" అన్న మాట పని వదులు చేయడానికి సాకు కాకూడదని, ఇంకా బిగించడానికే కారణమవ్వాలని నేనంటాను. ఇన్‌స్పెక్టరు రాడు కాబట్టి ఆ ఉద్యోగమూ మనమే చేయాలి.

కాగితాల పని కొంచెమే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ జోలి లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది కానీ మాలాంటివాళ్లకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ముద్ర పథకంలో శిశు లోను 50 వేల దాకా ఇస్తారు. కొత్తగా మొదలుపెట్టే చెల్లెళ్లు ఆ డబ్బుతో ముందు డస్ట్ కలెక్టరు, మంచి ల్యాంపు కొనుక్కోండి. రంగు సీసాలు తర్వాత.

కొందరిని నేను చేయనని పంపేస్తాను. ఆకుపచ్చగా మారిన గోరు, పసుపు రంగుకి తిరిగి మందంగా పెళుసెక్కిన గోరు, చీము పట్టిన వేలు ఉన్నవాళ్లని. "పైన రంగేస్తే కనపడదు కదా" అంటారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది, ముందు చర్మం డాక్టరుకి చూపించుకుని రమ్మంటాను. ఆస్పత్రుల్లో రోగుల్ని ముట్టుకునేవాళ్లకి ఎక్స్‌టెన్షన్లు వేయను. ప్రపంచ ఆరోగ్య సంస్థే 2009లో వద్దంది. నెలలు నిండుతున్నవాళ్లు ఆపరేషన్ గదిలో వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెడతారని గుర్తుంచుకుని ముందే వచ్చి తీయించుకోండి. ఆ ఒక్కదానికి డబ్బు తీసుకోను.

మిగతావాళ్లకి నా మనవి. ఇంట్లో గోళ్ల పని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు రేటు అడిగేముందు సీసా అడగండి. లేబుల్ చదవండి. పనిముట్లు ఎక్కడ శుభ్రం చేస్తారో చూపించమనండి. ఇవన్నీ విసుక్కోకుండా చూపించినవాళ్లు అడిగిన డబ్బు ఇచ్చేయండి. చూపించనివాళ్ల బల్ల మీద చెయ్యి పెట్టకండి.