సగం కచేరీ కుర్చీల్లోనే

పొద్దున విజయవాడలో పినాకిని ఎక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకు చెన్నైలో దిగుతాం. పనిమీద వెళ్లినా, పెళ్లికి వెళ్లినా సాయంత్రం నాలుగైదు గంటలు ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీ డిసెంబరు రెండో సగంలో దొరికితే టి.నగర్ చీరల కొట్లను మరో రోజుకు వాయిదా వేసి, టీటీకే రోడ్డులోని మ్యూజిక్ అకాడమీకి ఆటో మాట్లాడుకోవడం మంచిది. పోయిన డిసెంబరులో నేను అదే చేశాను. అక్కడ సాయంత్రం కచేరీ వినడం నాకది రెండోసారి. మొదటిసారి ఏం జరిగిందో తర్వాత చెబుతాను. తప్పు నాదే కాబట్టి కాస్త ఆలస్యంగా చెప్పినా ఫర్వాలేదు.

మనకు ధనుర్మాసం, తమిళులకు మార్గళి. తెల్లవారుజామున గుళ్లలో తిరుప్పావై, సాయంత్రం సభల్లో కచేరీ. ఒక్కో సభలో రోజుకు మూడు నాలుగు కచేరీలుంటాయి. ఊళ్లో అలాంటి సభలు ఎన్నో. ఆ సాయంత్రం అకాడమీ గేటు దాటగానే ఫిల్టర్ కాఫీ వాసన ఎదురొచ్చింది. క్యాంటీన్ ముందు వరుస కట్టినవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. పట్టుచీర, తలలో మల్లెపూలు, భుజాన సంచి, ఏసీ చలికి ఆ సంచిలో ఒక శాలువా. చాలామంది చేతుల్లో చిన్న నోటు పుస్తకం కూడా కనిపించింది. అదెందుకో లోపలికి వెళ్లాక తెలిసింది.

1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దానితోపాటు ఒక సంగీత సమావేశం కూడా పెట్టారు. ఆ సమావేశంలో మొలకెత్తిన ఆలోచనే మరుసటి ఏడాది, 1928లో, మ్యూజిక్ అకాడమీ అయింది. కచేరీలు పెట్టడం ఒక్కటే కాదు, రాగలక్షణాల మీద విద్వాంసులు కూర్చుని వాదించుకోవాలన్నది దాని ఉద్దేశం. ఇప్పటికీ సీజన్లో పొద్దున పూట అక్కడ సోదాహరణ ప్రసంగాలు జరుగుతాయి. సొంత హాలుకు 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1962లో అది తెరుచుకుంది. అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు కర్ణాటక సంగీతంలో అన్నిటికంటే పెద్దపీట. ఆ వరుసలో మనవాళ్లూ ఉన్నారు: 1941లో ద్వారం వెంకటస్వామి నాయుడు, 1978లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ, 1983లో వృత్తిరీత్యా వైద్యుడైన శ్రీపాద పినాకపాణి, 1991లో నేదునూరి కృష్ణమూర్తి, 1998లో ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా. అలాంటివాళ్లు కూర్చున్న వేదిక ముందు కుర్చీ దొరకడమే నాకు గొప్పగా అనిపించింది.

తెర లేచింది. మధ్యలో గాయకుడు, వెనక తంబుర, ఒకపక్క వయొలిన్, మరోపక్క మృదంగం, కాస్త వెనగ్గా ఘటం. ఈ కూర్చునే తీరుకూ ఒక లెక్క ఉంది. మృదంగం కుడి మూత శ్రోతల వైపు తిరిగి ఉండాలి, అసలు పలుకు అక్కడే ఉంది కాబట్టి. అందుకని కుడిచేతి వాటం విద్వాంసుడు గాయకుడికి కుడివైపు కూర్చుంటాడు. ఆయన ఎడమచేతి వాటం అయితే వయొలిన్, మృదంగం చోట్లు మార్చుకుంటాయి. కుడి మూత మీద కనిపించే నల్లటి కరణి ఎప్పుడూ ఉండేదే. ఎడమ మూతకు మాత్రం కచేరీకి ముందు తడిపిన రవ్వ ముద్ద అద్దుతారు. గుమ్మనే ఆ లోతైన నాదం దానివల్లే. కచేరీ అయ్యాక గీకి తీసేస్తారు.

వయొలిన్ మన దేశానికి ఐరోపావాళ్లతో వచ్చింది. దాన్ని మన సంగీతానికి తెచ్చినవారిలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల పేరు ముందు చెబుతారు. వాళ్లు నిలబడి గడ్డం కింద పెట్టుకునేదాన్ని మనవాళ్లు బాసింపట్టు వేసుకుని, తల భాగాన్ని పాదం మీద ఆనించుకుని వాయిస్తారు. దానివల్ల ఎడమచేతికి వాద్యాన్ని మోసే పని తప్పి, తీగ మీద పైకీ కిందకీ జారడానికి వీలు చిక్కింది. ఆ జారుడు లేకపోతే గమకం లేదు. గమకం లేకపోతే రాగమూ లేదు.

ఈ కచేరీలో ఏం పాడతారో ముందుగా కాగితం మీద రాసి ఎవరూ ఇవ్వరు. చాలాసార్లు పక్కవాద్యాల వాళ్లకూ తెలియదు. కలిసి సాధన చేయకుండానే నలుగురూ వేదిక ఎక్కుతారు. అయినా ఎవరూ తడబడరు. అందుకు ఒక కారణం అరియక్కుడి రామానుజ అయ్యంగారు. పూర్వం కచేరీలు నాలుగైదు గంటలు సాగేవి. ఒకే రాగం గంటల తరబడి నడిచేది. అయ్యంగారు దాన్ని భోజనంలా వడ్డించారు. ముందు గొంతు కదలడానికి వర్ణం, ఆపైన చురుగ్గా నడిచే చిన్న కృతులు, నడుమ ఒక నిదానమైన కృతి, తర్వాత విస్తారంగా పాడే ప్రధాన కృతి, దాని వెనకే తాళవాద్యాల తని ఆవర్తనం, చివర పదాలు, జావళీలు, భజనల వంటి తుక్కడాలు, మంగళం. 1967లో ఆయన పోయి ఇన్నేళ్లయినా కచేరీలు ఆ విస్తరి క్రమంలోనే నడుస్తున్నాయి.

ప్రధాన కృతి వేళకు గాయకుడు రాగాలాపన ఎత్తుకున్నాడు. రెండు పలుకులు పలికాడో లేదో, నా పక్క కుర్చీలోని మామీ నోటు పుస్తకం తెరిచి ‘కల్యాణి’ అని రాసేశారు. పుస్తకం పని అదన్నమాట: రాగం, కృతి, తాళం, తారీఖు.

అంత త్వరగా ఎలా పోల్చారు? శంకరాభరణంలో శుద్ధ మధ్యమాన్ని తీసి ప్రతి మధ్యమాన్ని పెడితే కల్యాణి వస్తుంది. మేళకర్తల లెక్కలో అది 29, ఇది 65. కాగితం మీద చూస్తే రెండింటికీ తేడా ఒక్క స్వరం. చెవికి మాత్రం తేడా ఆ ఒక్క స్వరంలోనే లేదు. ఏ స్వరం మీద నిలవాలి, దేన్ని ఊపాలి, దేన్ని తాకి వదిలెయ్యాలి అన్నదాంట్లో ఉంది. మనిషిని ముక్కు, చెవులు కొలిచి గుర్తుపట్టం కదా, నడకను బట్టి దూరం నుంచే పోలుస్తాం. రాగమూ అంతే. ఆలాపనకు తాళం లేదు, సాహిత్యం లేదు. గాయకుడు కింది స్థాయి నుంచి మెట్టు మెట్టుగా పైకి వెళ్తుంటే, వయొలిన్ విద్వాంసుడు ఒక్క అడుగు వెనక నీడలా వచ్చి, ప్రతి పలుకు చివరా దాని తోకను పట్టుకుని వదులుతున్నాడు. తర్వాత రాగం ఆయన చేతికి వచ్చింది. అప్పుడు గాయకుడు కళ్లు మూసుకుని శ్రోత అయిపోయాడు.

కృతి త్యాగరాజస్వామి వారి ‘నిధి చాల సుఖమా’. తంజావూరు రాజు పంపిన కానుకలను కాదని స్వామి ఈ కృతి చెప్పారని కథ. సంపద సుఖమా, రాముడి సన్నిధి సుఖమా అని మనసునే నిలదీసే పాట. తాళం మిశ్రచాపు: తకిట తకధిమి, మూడూ నాలుగూ ఏడు. హాల్లో చుట్టూ చూస్తే తొడల మీద చేతులు కదులుతున్నాయి. వెనక వరుసలో ఎవరో ఒక కుర్రాడు కూడా తాళం వేస్తున్నాడు. పల్లవిలోని ఒకే మాటను గాయకుడు మళ్లీ మళ్లీ, ప్రతిసారీ ఇంకాస్త అలంకరించి పాడాడు. వీటిని సంగతులంటారు. కృతిలో వీటికి పెద్ద స్థానం ఇచ్చింది త్యాగరాజే. మొదటి సంగతి మొగ్గలా ఉంటే చివరిది విచ్చిన పువ్వులా ఉంటుంది.

చరణంలో మనిషిని పొగడడాన్నీ, భగవంతుణ్ణి కీర్తించడాన్నీ పక్కపక్కన పెట్టి అడిగే చోట గాయకుడు ఆగి నెరవు ఎత్తుకున్నాడు. ఒకే పాదాన్ని తీసుకుని, దాని మాటలూ తాళంలో అవి కూర్చున్న చోట్లూ చెదరకుండా, రాగాన్ని మాత్రం ప్రతిసారీ కొత్తగా అల్లడం నెరవు. చెప్పడానికి రెండు ముక్కలు, చెయ్యడానికి ఓ జీవితం. స్వరం కోసం మాటను ఎక్కడ పడితే అక్కడ విరిస్తే అర్థం చస్తుంది, అర్థం కోసం ఆగిపోతే సంగీతం చస్తుంది. ఈ రెంటి మధ్య నడవడమే విద్వత్తు. ఆ గాయకుడి మాతృభాష తమిళం. తమిళ లిపిలో కకు, గకు వేరు వేరు అక్షరాలు లేవు. పకు, బకు లేవు. అందుకని వాళ్ల పాటల పుస్తకాల్లో అక్షరం పక్కన రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసుకుని తెలుగు పలుకు నేర్చుకుంటారు. అంత శ్రమపడి నేర్చిన తెలుగు ఆ సాయంత్రం ఒక్క అక్షరం కూడా తొణకలేదు.

నెరవు ముగిసిన సందులో మామీ నా వైపు వంగి, “మీరు తెలుగువారా? ఈ ‘చాల’ అంటే ఏమి?” అని వచ్చీరాని తెలుగులో అడిగారు. “మిక్కిలి అని మామీ. మేమిప్పుడు ‘చాలా’ అంటాం” అన్నాను. ఆవిడ దాన్నీ పుస్తకంలో రాసుకున్నారు. ఆవిడకు రాగం తెలుసు, నాకు భాష తెలుసు. ఇద్దరం కలిస్తేనే ఒక పూర్తి శ్రోత.

తర్వాత కల్పన స్వరాలు. సరిగమలనే మాటలుగా చేసుకుని అప్పటికప్పుడు పేర్చుకుంటూ వెళ్లి, సరిగ్గా పాట ఎత్తుగడ దగ్గర వాలాలి. మొదట ఒక్క ఆవర్తనం, ఆపైన రెండు, నాలుగు, చివరికి హాలంతా ఊపిరి బిగబట్టేంత పొడవు. గాయకుడు ఆపిన చోటే వయొలిన్ అందుకుంటుంది.

చివరికి తని ఆవర్తనం వచ్చింది. పాట ఆగింది. గాయకుడి చెయ్యి మాత్రం తాళం వేస్తూనే ఉంది. మృదంగం, ఘటం వంతులు వేసుకుని మొదలుపెట్టాయి. నా మొదటి కచేరీలో తప్పు చేసింది ఇక్కడే. కొన్నేళ్ల కిందట ఇదే చోట, పాట ఆగింది కదా, ఇక డప్పుల మోతే కదా అనుకుని లేచి కాఫీకి వెళ్లాను. నా ముందూ వెనకా మరో పాతికమంది లేచారు కాబట్టి అదే మర్యాద అనుకున్నాను. కప్పుతో తిరిగి వచ్చేసరికి హాలు చప్పట్లతో దద్దరిల్లుతోంది. దేనికో నాకు తెలియలేదు. పక్కాయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఈసారి కదల్లేదు. వేళ్ల మీద లెక్క పెట్టుకుంటూ కూర్చున్నాను. తనిలో ఉన్నది మోత కాదు, గణితం. ఉదాహరణకు, మిశ్రచాపులోని ఏడు లెక్కల్లో ఒక్కోదాన్ని నాలుగు మాత్రలు చేస్తే ఇరవై ఎనిమిది. తకధిమి తకజొణు అనే ఎనిమిది మాత్రల పలుకును మూడుసార్లు వాయిస్తే ఇరవై నాలుగు. మధ్యలో రెండేసి మాత్రల ఖాళీ రెండుసార్లు వదిలితే మరో నాలుగు. మొత్తం ఇరవై ఎనిమిది. మూడో పలుకు ముగియగానే తాళం మళ్లీ మొదటి దెబ్బకు వస్తుంది. ఇది చిన్నపిల్లల లెక్క. పెద్దవాళ్లు దీన్నే అయిదులతో, తొమ్మిదులతో, సగాలతో, పావులతో మడిచి, ఆవర్తనాల మీదుగా పాకించి తెస్తారు. మృదంగమూ ఘటమూ ముందు నాలుగేసి ఆవర్తనాలు పంచుకుని, తర్వాత రెండేసి, ఒక్కోటి, అర, పావు అని తగ్గించుకుంటూ వచ్చి, చివరికి రెండూ కలిసి ముక్తాయింపు వాయించాయి. ఆఖరి దెబ్బ పడడం, గాయకుడు పల్లవి ఎత్తుకోవడం, హాల్లో చేతులన్నీ ఒకేసారి తొడల మీద పడడం ఒక్కసారే జరిగాయి. ఆ దెబ్బ ఎక్కడ పడబోతోందో మాకు ముందే తెలుసు. తెలిసీ, అక్కడికి చేరతాడా లేదా అని గుండె పట్టుకుని కూర్చున్నాం. చప్పట్లు దేనికో ఈసారి నాకు అర్థమైంది.

ఈ కళలో సగం ఎవరో ఎప్పుడో కూర్చిపెట్టింది, సగం ఆ క్షణాన పుట్టేది. ఆ రెండో సగం కుర్చీల్లో ఉన్నవాళ్లను బట్టి పుడుతుంది. ‘ఆహా’ అన్న ఒక్క మాట పడితే గాయకుడు మరో సంగతి వేస్తాడు. తాళం వేసే చేతులు కనిపిస్తే మృదంగం విద్వాంసుడు కష్టమైన లెక్కకు దిగుతాడు. వినేవాళ్లు లేని చోట ఎంత గొప్పవాడైనా నేర్చుకున్నది అప్పజెప్పి వెళ్లిపోతాడు.

చెన్నైలో ఆ కుర్చీలు ఎక్కువగా తమిళులవి, పాటలు ఎక్కువగా తెలుగువి. అందుకే 1940ల్లో తమిళ ఇసై (తమిళ సంగీత) ఉద్యమం వచ్చింది. తమిళనాట కచేరీల్లో అన్నీ తెలుగు పాటలేనా అని ఆ ఉద్యమకారులు అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. దాని ఫలితంగా తమిళ పాటలకు దక్కవలసిన చోటు దక్కింది. అయినా త్యాగరాజును ఎవరూ పక్కన పెట్టలేదు. పాటలు మన భాషవి, వాటిని భద్రంగా మోస్తున్న చెవులు ఎక్కువగా వాళ్లవి. 1919లోనే సంగీత కళాశాల పెట్టుకున్న విజయనగరం మనది. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షులు, ద్వారం వారు అక్కడ వయొలిన్ నేర్పారు. మనకు పాడేవాళ్ల కొరత ఎన్నడూ లేదు, నిండని కుర్చీలే ఎక్కువ.

కాబట్టి ఈ డిసెంబరులో చెన్నై వెళ్తే ఒక సాయంత్రం ఉంచుకోండి. వెళ్లలేకపోతే మీ ఊళ్లో త్యాగరాజ ఆరాధన జరిగే చోటికి వెళ్లండి. వెళ్లేముందు ఒక్క కృతి సాహిత్యాన్ని అర్థం తెలుసుకుని చదువుకోండి, భాష మనదే కాబట్టి పది నిమిషాల పని. తాళం వెయ్యడం రాకపోతే పక్కవాళ్ల చేతిని చూసి వెయ్యండి. కాఫీ మాత్రం తని ఆవర్తనం అయ్యాకే తాగండి.