పోర్ట్‌ఫోలియోలో మెట్‌పల్లి ఉండాలి

మంచి పోర్ట్‌ఫోలియో చేతికొస్తే నేను మొదటి పేజీ దగ్గరే ఆగిపోతాను. గీత ఎక్కడ మొదలైంది, భుజం దగ్గర ఎందుకు సన్నబడింది, మోచేతి మడతలో పెన్సిల్ ఎందుకు గట్టిగా నొక్కుకుంది, ఇవన్నీ చూడనిదే పేజీ తిప్పబుద్ధి కాదు. ఫ్యాషన్ డిజైన్ సీటు కోసం పిల్లలు కూర్చుకునే ఈ పదిహేను ఇరవై పేజీలను సర్టిఫికెట్ల ఫైలు కింద లెక్కగట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ. అదొక చేతిపని. నేతకు, అద్దకానికి, కుట్టుకు ఎంత మర్యాద ఇస్తామో దానికీ అంత ఇవ్వాలి.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. హైదరాబాద్‌లో 1995 నుంచి నడుస్తున్న ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్‌లో డిజైన్ డిగ్రీ కోర్సుకు పోర్ట్‌ఫోలియో అడగరు. క్రియేటివ్ ఎబిలిటీ టెస్ట్, జనరల్ ఎబిలిటీ టెస్ట్ రాయాలి. అవి దాటితే సిచ్యుయేషన్ టెస్ట్ ఉంటుంది. అక్కడ ముందు పెట్టిన సామానుతో, ఇచ్చిన సమయంలో, చెప్పిన సందర్భానికి తగ్గ వస్తువు తయారుచేసి చూపాలి. ప్రైవేటు డిజైన్ కాలేజీలు చాలావరకు పోర్ట్‌ఫోలియో చూస్తాయి, ఇంటర్వ్యూలో పేజీ పేజీకీ ప్రశ్న వేస్తాయి. న్యూయార్క్‌లోని పార్సన్స్ ఎనిమిది నుంచి పన్నెండు పనులు పంపమంటుంది. లండన్‌లోని సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ పూర్తయిన బొమ్మల కంటే వాటి వెనకాల జరిగిన వెతుకులాటనే ఎక్కువ చూస్తుంది. నిఫ్ట్ రాసే పిల్లలూ పోర్ట్‌ఫోలియో చెయ్యాలన్నది నా పట్టు. ఏడాదిపాటు చెయ్యి కాగితానికీ గుడ్డకూ అలవాటు పడితే సిచ్యుయేషన్ టెస్ట్ గదిలో వేళ్లు వణకవు.

పోర్ట్‌ఫోలియోకు ప్రాణం గీత. మామూలు మనిషి ఎత్తు ఏడున్నర తలలు ఉంటే ఫ్యాషన్ బొమ్మ తొమ్మిది తలలు, కొందరి చేతిలో పది తలలు ఉంటుంది. పెరిగిన ఎత్తంతా కాళ్లలోకే పోతుంది. మెడ గుంటలోంచి నేలకు నిలువు గీత వేస్తే అది బరువు మోసే పాదం దగ్గరికి రావాలి, లేకపోతే బొమ్మ పడిపోతున్నట్టు కనిపిస్తుంది. ఈ లెక్క వారంలో వస్తుంది. ఒంటి మీద గుడ్డ బరువు చూపించడం మాత్రం ఏళ్ల పని. దానికి మన దగ్గరే గురువున్నాడు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం గీసిన ఆడవాళ్లను చూడండి. తొమ్మిది తలలు లేవు, సన్నని నడుములు లేవు. నుదుటి మీద పెద్ద బొట్టు, ఒంటిని నిండుగా చుట్టిన చీర, ఆ చీర అంచు భుజం మీదికి ఎక్కేచోట ఒకే ఒక్క గీత. ఆ గీతలో చీర నేత తెలుస్తుంది, కట్టుకున్న మనిషి నడక కూడా తెలుస్తుంది. బరోడాలో ఆయనకు చదువు చెప్పిన కె.జి. సుబ్రమణ్యన్ చేనేత బోర్డులోనూ పనిచేసినవాడు. మగ్గానికీ బొమ్మకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉంటే, మన పిల్లలు ఫోనులో దొరికిన పారిస్ మోడల్ బొమ్మలు దించుకోవడం చూసి నాకు కడుపు మండుతుంది. వైకుంఠం బొమ్మల్లోని చీరకట్టును నమ్మకంగా గీయగలిగిన పిల్లకు ఏ గౌనైనా లొంగుతుంది.

ఇక గుడ్డ దగ్గరికి వద్దాం. మన మెట్‌పల్లి ఖాదీకి నిజాం కాలం నుంచే పేరుందని పెద్దలు చెబుతారు, గాంధీగారి మాట ఈ ఊరిదాకా ఎలా వచ్చిందో ఇంటికో కథ చెబుతారు. ఆ లెక్కలు తేల్చే ఓపిక నాకు లేదు. నాకు కావాల్సింది ఆ గుడ్డ. రాట్నం మీద వడికిన నూలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. వడికినవాళ్ల చెయ్యి క్షణం ఆగినచోట నూలులో చిన్న ఉబ్బు. అలాంటి నూలు పడుగూ పేకా అయినప్పుడు గుడ్డ వెలుగును ఒకే తీరుగా తిప్పికొట్టదు, పీల్చుకుని మెల్లగా వదులుతుంది. దీన్ని కాగితం మీద పట్టడానికి ఒక పద్ధతి ఉంది. గరుకు కాగితం తీసుకుని, కుంచెలో నీళ్లు పిండేసి, పొడిగా ఉన్న రంగును పక్కకు వాల్చి లాగాలి. కాగితం గుంటల్లో తెల్లదనం మిగిలిపోతుంది. అదే ఖాదీ. జార్జెట్‌కు దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి, తడి మీద తడి, మడతలు సన్నగా, ఎన్నో. ఖాదీ మడతలు తక్కువ, ఒక్కొక్కటీ లావుగా కోణం తిరిగి నిలబడతాయి. ఈ రెండూ ఒకే పేజీలో పక్కపక్కన వేసిన పిల్లను ఏ కాలేజీ వాళ్లూ తొందరగా మరిచిపోరు.

ఈ ప్రాంతపు అమ్మాయి ఒకామె చేసిన పోర్ట్‌ఫోలియో గురించి చెప్పకుండా ఉండలేను. మన ఊరు పసుపు మార్కెట్టుకు పేరున్నది కదా, ఆమె పసుపునే పట్టుకుంది. ఖాదీ ముక్కలను ఉడకబెట్టి గంజి తీసింది. కొన్నింటికి కరక్కాయ పట్టించింది, కొన్నింటికి పటిక, కొన్నింటికి రెండూ. తర్వాత పసుపు రంగులో ముంచి, ప్రతి ముక్కలో సగం నల్ల కాగితంతో కప్పి డాబా మీద ఎండలో పెట్టింది. పసుపు రంగు ఎండకు నిలవదు. కప్పిన సగం బంగారంలా ఉంటే తెరిచిన సగం వెలిసిపోయింది. సబ్బు తగిలిన ముక్క ఎర్రబడింది. పసుపుకు సున్నం కలిపితే పారాణి అవుతుందని ప్రతి ఇంటికీ తెలిసిందే కానీ, ఆమె ఆ ఎరుపును కాలర్ లోపలి వైపు వాడుకుంది! హోలీకి మరిగించే మోదుగు పూల రంగు ఒక వరుస, కరక్కాయ మీద తుప్పునీళ్లు పోస్తే వచ్చే నల్ల బూడిద రంగు ఇంకో వరుస. చెడిపోయిన ముక్కలను కూడా తేదీ వేసి, ఏం తప్పిందో రాసి అతికించింది. ఆ చెడిపోయిన ముక్కల పేజీయే నాకు అన్నిటికంటే నచ్చింది.

చివరికి ఆమె గీసిన బట్ట ఏమిటంటే, పసుపు ఉడికించేచోట పనిచేసే ఆడవాళ్లకు పని చొక్కా. ఆవిరికి వీపు తడిసిపోతుందని తండాల్లో లంబాడీ ఆడవాళ్లు వేసుకునే కాంచళిని చూసి వచ్చింది. వీపు తెరిచి దారాలతో ముడివేసే ఆ కోతను తీసుకుని, పైన వదులుగా ఒక పొర వేసి గాలి ఆడేలా చేసింది. జేబు నడుము దగ్గర పెడితే వంగినప్పుడు డబ్బులు జారతాయని ఛాతీ పక్కకు మార్చింది, ఆ మార్పును మూడు బొమ్మల్లో చూపించింది. మొదట పాత దుప్పటితో కుట్టి చూసుకుంది, కొలత తప్పినచోట చాక్‌పీసు గుర్తులతో సహా ఫొటో పెట్టింది. ఒక్క పేజీలో కూడా ర్యాంప్ మీద నడిచే బొమ్మ లేదు. ఫ్యాషన్ అంటే ఏమిటో నాకు ఆ పేజీలు చెప్పినంత బాగా ఏ పత్రికా చెప్పలేదు.

ఇలాంటి బుద్ధి మన నేల మీద కొత్తది కాదు. సిరిసిల్లలో నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశాడు. ఆయన కొడుకు విజయ్ ఆ విద్యను నిలబెట్టాడు. అదే సిరిసిల్లలో వెల్ది హరిప్రసాద్ జి-20 గుర్తును మగ్గం మీద నేసి పంపితే 2022 నవంబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో ఆయన పేరు చెప్పాడు. ఆలేరు వైపు చింతకింది మల్లేశం సంగతి తెలియనివాళ్లుండరు. ఆసు పోయడానికి రోజుకు వేలసార్లు చెయ్యి తిప్పి తిప్పి తల్లి భుజం పడిపోతుంటే చూడలేక, చదువు బడిలోనే ఆగిపోయిన మనిషి ఏళ్లు కష్టపడి 1999లో ఆసు యంత్రం చేశాడు, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మనిషి నొప్పిని గమనించి దానికి తగ్గ వస్తువు చెయ్యమని డిజైన్ కాలేజీలు నాలుగేళ్లు నేర్పేది ఇదే కదా! పుట్టపాక గజం గోవర్ధన్ గారి తేలియా రుమాలు, నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానిన నూలుతో పట్టే ఆ ఎరుపు, చూసినవాళ్ల కళ్లకు పండగ. పోచంపల్లి పేరు ఒక్కటే తలిచి పుట్టపాకను వదిలేసేవాళ్లంటే నాకు గిట్టదు.

ఇప్పుడు కోపం వచ్చే విషయం. సీజను రాగానే రెడీమేడ్ పోర్ట్‌ఫోలియోలు తయారవుతున్నాయి. పింటరెస్ట్‌లో దించిన మూడ్ బోర్డు, కంప్యూటర్‌తో పుట్టించిన బొమ్మలు, అందరికీ అవే మెరుపు కాగితాలు, అందరికీ అదే ‘ప్రకృతి నుంచి ప్రేరణ’. పేరు మారుతుంది, సీతాకోకచిలుక మారదు. ఈ రంగు ఎందుకు తీసుకున్నావని అడిగితే పిల్ల నేలచూపు చూస్తుంది. పాపం ఆ పిల్లది తప్పు కాదు. తల్లిదండ్రులు గల్ఫులో చెమటోడ్చి పంపిన డబ్బుకు ఎవరో ఆమె చేతిలోంచి పెన్సిల్ లాక్కుని తమ బొమ్మ అంటగట్టారు. ఇదే మోసం గుడ్డకూ జరుగుతోంది. నూలుకు రంగు కట్టి నేసిన ఇక్కత్ పక్కన, అదే నమూనాను పాలిస్టర్ మీద అచ్చుకొట్టి అదే పేరుతో అమ్ముతారు. తిప్పి చూడండి, అసలుదైతే రంగు రెండు వైపులా ఒకటే, అచ్చుదైతే వెనక వెలిసి ఉంటుంది. మిల్లు నూలును ఖాదీ అంటారు. జాతీయ జెండా గుడ్డగా ఉన్న గౌరవం చాలు ఖాదీని బతికించడానికి అనుకునేవాళ్లం. 2021 డిసెంబరు 30న జెండా నియమావళి మార్చి పాలిస్టర్ జెండాకూ, యంత్రం మీద నేసిన జెండాకూ దారి తెరిచారు. ఆ రోజు రాట్నం ముందు కూర్చున్నవాళ్లకు ఏమనిపించిందో ఎవరూ అడగలేదు.

మిగిలిన సంగతులు తొందరగా చెప్పేస్తాను. ఎ3 సైజు చాలు. కుట్టు, జిప్పు, బొత్తాం ఎక్కడున్నాయో తెలిసేలా ముందు, వెనక ఫ్లాట్ డ్రాయింగులు ఉండాలి. కుట్టిన బట్ట ఫొటోను పగటి వెలుగులో తీయాలి, ఫిల్టర్లు పెట్టొద్దు. బలమైన పనిని మొదట ఒకటి, చివర ఒకటి ఉంచాలి. అనుమానం ఉన్న పేజీని తీసేయాలి. స్కెచ్‌బుక్‌ను మరకలతో సహా పక్కన పెట్టుకుపోవాలి, ఇంటర్వ్యూ చేసేవాళ్ల చెయ్యి చాలాసార్లు ముందు దాని మీదికే పోతుంది. మన చుట్టూ ఉన్న మామూలు వస్తువుల్లో చదువేముందని మాత్రం అనుకోవద్దు. 1958లో భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చిన అమెరికా డిజైనర్లు ఈమ్స్ దంపతులు తమ నివేదికలో మన చెంబును చూపించి డిజైన్ అంటే ఇదని మెచ్చుకున్నారు. దాని వెనకే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ వచ్చింది. చెంబులో అంత చదువు దొరికితే రాట్నంలో, కాంచళిలో, పసుపు మరకలో ఎంత దొరకాలి?

2024లో హైదరాబాద్‌లో చేనేత టెక్నాలజీ సంస్థ మొదలైంది, దానికి వాంకిడిలో పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు పెట్టారు. చేనేత సహకార సంఘాల కోసం బతికిన మనిషి పేరు అది. ఆ గేటు దాటే పిల్లల్లో, నిఫ్ట్ గేటు దాటే పిల్లల్లో మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల పిల్లలు కనిపించాలి. అందుకు మన ఊళ్లో చెయ్యాల్సింది పెద్దదేమీ కాదు. ఖాదీ నడిపేవాళ్లు వారానికో పూట పిల్లలను మగ్గం పక్కన కూర్చుని గీసుకోనివ్వాలి, అడిగితే ఒక నూలు చిలప ఇవ్వాలి. పాత నమూనా ముక్కలను చెదలకు వదలకుండా, ఏ ఏడు నేసిందో రాసి ఒక పుస్తకంలో అతికించాలి. ప్రభుత్వ బడికి డ్రాయింగ్ సారును ఇవ్వమని మనమంతా కలిసి అడగాలి. టైలరన్నలకు ఒక మనవి: కటింగు ముక్కలు ఊడ్చి పారేసేముందు సంచిలో వేసి ఉంచండి, అడగడానికి పిల్లలు వస్తారు.