బిగువు తప్పని బెల్టు

కారు బానెట్టు ఎత్తినప్పుడు మన చూపు ఆయిలు మీదికో, బ్యాటరీ మీదికో, కూలెంటు మట్టము మీదికో పోవునే గాని, ఇంజనునకు ఒక ప్రక్కగా పుల్లీల నడుమ మెలికలు తిరిగి సాగు నల్లని బెల్టును, ఆ బెల్టు వీపున చిన్న చక్రము నానించి దానిని సదా బిగువున నిలుపు టెన్షనరును తేరిపార చూచువారు అరుదు. క్రాంకు పుల్లీ నుండి బలము గైకొని ఆ ఒక్క బెల్టే ఆల్టర్నేటరును, ఏసీ కంప్రెసరును, పెక్కు కార్లలో నీళ్ల పంపును, హైడ్రాలిక్ స్టీరింగు గల వానిలో ఆ స్టీరింగు పంపును త్రిప్పుచుండును. అది తెగిననాడు డాష్‌బోర్డుపై బ్యాటరీ దీపము వెలుగును, వేడిమి ముల్లు పైకి లేచును, స్టీరింగు బరువెక్కును. ఇంత భారము పిడికెడు స్ప్రింగుపై నున్నదని ఎఱిగిన పిమ్మట దాని నుపేక్షించుట నాకు మనస్కరింపలేదు.

అంబాసిడర్ కార్లు రోడ్లను ఏలిన దినములలో ఈ పని మేస్త్రీ బొటనవ్రేలిది. సన్నని ‘వి’ ఆకారపు బెల్టు ఫ్యానును, నీళ్ల పంపును, డైనమోను త్రిప్పెడిది. మేస్త్రీ దానిని నడుమ నొక్కి చూచి, అర అంగుళము మేర దిగినచో సరియని తలయూపి, అంతకు మించినచో డైనమో బోల్టులను సడలించి, పట్టీలోని గాడి వెంబడి దానిని వెలుపలికి త్రోసి మరల బిగించెడివాడు. అమెరికాలో 1979 నమూనా ఫోర్డ్ మస్టాంగ్ మొదలుకొని పెక్కు బెల్టుల స్థానమున గాళ్లు గల ఒకే పొడుగుపాటి బెల్టు ప్రవేశించెను. కాలక్రమమున దానికి స్ప్రింగు టెన్షనరు విడదీయరాని తోడయ్యెను. బొటనవ్రేలికి విశ్రాంతి లభించినది, మంచిదే. అయితే దానితోపాటు ఆ దిక్కున చూచు అలవాటు సైతము మనలో నశించినదే, అదియే నాకు విచారము.

ఈ టెన్షనరు లోపల చుట్టలు చుట్టిన బలమైన స్ప్రింగు ఒకటి, ఆ స్ప్రింగు త్రిప్పిన కొలది కదలు చేయి, చేయి ఇరుసునకు బుష్షు, అదురును మ్రింగు రాపిడి దిమ్మ, కొనను బేరింగు గల పుల్లీ ఉండును. ఇంజను పైకి సమముగ తిరుగుచున్నట్లు తోచినను, ఒక్కొక్క సిలిండరు మండినప్పుడెల్ల క్రాంకు త్వరపడుచు, నడుమ మందగించుచు నుండును. ఏసీ కంప్రెసరు పట్టుకొనిన క్షణమున బెల్టుపై హఠాత్తుగా బరువు పడును. ఈ ఒడుదుడుకుల నన్నింటిని సహించుచు బెల్టు వదులు కాకుండ కాచునది ఆ చేయియే. పుల్లీని బెల్టు చుట్టుకొనిన కోణము పెరిగిన కొలది దాని పట్టు గుణకారముగ హెచ్చునని 18వ శతాబ్దిలోనే గణితజ్ఞుడు ఆయిలర్ నిరూపించెను. కాని వదులు ప్రక్కన మూలమైన బిగువు సున్నయైనచో, ఎంతచే గుణించినను ఫలము సున్నయే గదా! ఆ మూలమైన బిగువును సమకూర్చుటకే టెన్షనరును సాధారణముగ బెల్టు వదులు ప్రక్కన అమర్తురు.

మన బెజవాడ వేసవి ఈ భాగమునకు కఠిన పరీక్ష. ఏసీ ఆపుటకు వీలు లేదు, ఇంజను వేడిమికి రబ్బరు త్వరగ గట్టిపడును, దుమ్ము బేరింగులోనికి దారి వెదకుకొనును. ఉదయము స్టార్టు చేసినంతనే కీచుమన్న ధ్వని వినవచ్చినచో దానిని వయసు మీఱిన బండి మూలుగని త్రోసిపుచ్చరాదు. ఆటోనగర్ షెడ్లలో నేర్పరులు ఒక చిన్న పరీక్ష చేయుదురు: ఇంజను నడుచుచుండగా దూరము నుండి బెల్టు గాళ్లపై కొంచెము నీరు చిలకరింతురు. ధ్వని హెచ్చినచో బిగువు తక్కువయని, ఒక్కింత అణగి మరల లేచినచో పుల్లీలు ఒకే వరుసలో లేవని వారి నిర్ణయము. కండువా, చున్నీ, పొడుగు చేతుల చొక్కా ధరించినవారు ఆ సమయమున దగ్గఱకు పోరాదు. ఇక చేయి ఐడిల్‌లో గజగజ అదరినను, ఇరుసు చుట్టును ఎఱ్ఱని త్రుప్పుపొడి కనిపించినను, బెల్టు పుల్లీ నడుమ నుండక ఒక అంచునకు ఒరిగినను, టెన్షనరు అలసినదని గ్రహింపవలెను. ఒక్క జాగ్రత్త: ఒకవైపు మాత్రమే పట్టు గల క్లచ్ పుల్లీని కొన్ని ఆల్టర్నేటర్లకు అమర్తురు, అది చెడి బిగుసుకొనినను చేయి అట్లే అదరును. కనుక దానిని పరీక్షింపక టెన్షనరును నిందింపరాదు.

టెన్షనరును మార్చు పని పెద్దది కాదు గాని తొందర సహింపదు. చల్లారిన ఇంజనుపై, బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, బెల్టు ఏ పుల్లీ మీదుగ ఏ వైపున పోవుచున్నదో ముందుగనే ఫోటో తీసికొని, చేతికి గల చదరపు రంధ్రములోనో బోల్టు తల మీదనో పొడుగు పానా తగిలించి స్ప్రింగునకు ఎదురుగ మెల్లగ త్రిప్పి బెల్టును జార్పవలెను. చేతిని ఒక్కసారిగ వదలినచో వ్రేళ్లు నలుగును. కొన్నింటి పుల్లీ బోల్టునకు ఎడమ మర ఉండును గనుక, అది కదలనప్పుడు బలమునకు ముందు వివేకమును ప్రయోగింపవలెను. క్రొత్తదాని వీపున నుండు చిన్న పిన్ను ఇంజనుపై దాని రంధ్రములో సరిగ కూర్చున్న పిమ్మటనే, కంపెనీ చెప్పిన టార్కుకు బోల్టు బిగింపవలెను.

విప్పిన పుల్లీని వ్రేలితో త్రిప్పి చెవి యొగ్గి చూచు మేస్త్రీని కనుగొన్నప్పుడు నాకు కలుగు ఆదరము ఇంతింత కాదు. గ్రీజు నిండుగ నున్న పుల్లీ నిశ్శబ్దముగ, కొంచెము బరువుగ తిరిగి త్వరలో నిలిచిపోవును. గ్రీజు ఎండినది గిరగిర చాలసేపు తిరుగుచు సన్నగ గరగరలాడును. తేలికగ తిరుగుటయే మేలని భ్రమించువారు ఇచ్చట మోసపోదురు.

బెల్టును మాత్రము మార్చి టెన్షనరును అట్లే ఉంచుట మన షెడ్లలో సర్వసాధారణము. ఖర్చు తగ్గునను ఆశయే దానికి కారణము. సడలిన చేయి క్రొత్త బెల్టును పాతదానికంటె త్వరగ తినివేయును. నేటి ఈపీడీఎం రబ్బరు బెల్టులు వెనుకటివానివలె పగుళ్లు చూపక టైరు వలె గాళ్లలో అరుగుచుండును గనుక, పగులు లేదు గదాయని సంతసించుట కూడదు. గాళ్ల లోతును గేజీతో చూపింపుమని అడుగవలెను. కీచుధ్వనికి సబ్బు రుద్దుటయు, స్ప్రే కొట్టుటయు వైద్యము కానేకాదు.

చదువరులకు నా మనవి ఒక్కటే. ఈసారి బెల్టు మార్పించునప్పుడు విప్పిన టెన్షనరు పుల్లీని మేస్త్రీ నడిగి మీ చేతితోనే ఒకసారి త్రిప్పి చూడుడు. ఆయన టార్కు పానా చేత పట్టినచో, తొందరపెట్టక ఆ నాలుగు నిమిషములు ఓపిక పట్టుడు.