తమ్ముడి కోసం నడిచే అక్కకు ఒక పరీక్ష

మే 8 ప్రపంచ తలసేమియా దినం. ఎండలు మండే రోజులు కనుక ఆ రోజు జరిగే అవగాహన నడకలు తెల్లారకముందే మొదలవుతాయి. ఒకే రంగు టీషర్టులు, బ్యానరు, జెండా ఊపడానికి ఓ ముఖ్య అతిథి, ఫొటోలు, చివర్లో ఇడ్లీ పొట్లం. నాలుగడుగులు నడిస్తే జబ్బు నయమవుతుందా అని పెదవి విరిచేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజం లేదని అనను. అయితే ఆ వరసలో జబ్బు పిల్లవాడి అక్కో అన్నో నడుస్తున్నప్పుడు మాత్రం సంగతి వేరు. అమెరికాలో నాన్సీ బ్రింకర్ రొమ్ము క్యాన్సర్‌తో పోయిన తన అక్క సూసన్ కోమెన్ పేరిట 1983లో డల్లాస్‌లో పరుగు పెట్టించింది. అది ప్రధానంగా అక్క జ్ఞాపకం కోసం. తలసేమియా నడకలో తోబుట్టువు పాత్ర సానుభూతితో ఆగదు. ఆ నడిచే మనిషి ఒంట్లోనూ ఆ జబ్బుకు కారణమైన లోపం దాగి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

తలసేమియా మేజర్, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే ఈ రక్తపు జబ్బు తీవ్ర రూపం, ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ రక్తంతో పాటు ఒంట్లో పేరుకునే ఇనుమును మందులతో బయటికి పంపాలి, లేకపోతే గుండె, కాలేయం దెబ్బతింటాయి. ఇంత పని ఉన్న ఇంట్లో అందరి చూపూ ఆ బిడ్డ మీదే ఉంటుంది. చక్కగా ఆడుకుంటున్న రెండో బిడ్డ గురించి ఎవరికీ బెంగ ఉండదు. లెక్క చూడండి. తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లయితే, అంటే జబ్బు లేకుండానే ఆ లోపాన్ని మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు, క్యారియర్ అయ్యే అవకాశం సగం, ఏ లోపమూ లేకపోయే అవకాశం నాలుగో వంతు. జబ్బు రాలేదని తేలిన బిడ్డ విషయంలో మొదటి నాలుగో వంతు తీసేస్తే మిగిలేది మూడు వంతులు, అందులో రెండు క్యారియర్‌వే. అంటే ఆరోగ్యంగా కనిపించే ఆ అక్క క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. పైకి ఏమీ తెలియదు. మామూలు రక్తపరీక్షలో ఎర్రకణాలు చిన్నవిగా కనిపిస్తే రక్తహీనత అనుకుని ఐరన్ మాత్రలు రాసి పంపేస్తుంటారు. హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏ2 శాతం బయటపడుతుంది. అది 3.5 దాటితే సాధారణంగా బీటా తలసేమియా క్యారియర్ అని అర్థం.

ఇక్కడే పెద్దల నుంచి అసలు అభ్యంతరం వస్తుంది. పెళ్లి కావలసిన పిల్లను టీషర్టు తొడిగి రోడ్డెక్కిస్తే, పైగా పరీక్ష కూడా చేయిస్తే, రేపు సంబంధాలు ఎవరు తెస్తారు? ఈ భయం ఉత్తది కాదు, నోరు జారిన చుట్టం ఒక్కరు చాలు. కానీ దాచిపెట్టడం వల్ల జరిగేదేమిటి? మనవైపు మేనరికాలు ఇంకా జరుగుతున్నాయి. తల్లి క్యారియర్ అయితే ఆమె తమ్ముడూ క్యారియర్ అయ్యే అవకాశం కనీసం సగం ఉంటుంది. అదే మేనమామ కొడుక్కి పిల్లనిస్తే, తెలిసిన ఇల్లే కదా అన్న ధీమాతో రెండు లోపాలనూ ఒక చోటికి చేరుస్తాం. క్యారియర్ కావడం జబ్బు కాదు. అవతలివారి రక్తంలో అలాంటి లోపం లేకపోతే వాళ్ల పిల్లలకు తలసేమియా మేజర్ రాదు. సైప్రస్‌లో చర్చి పెళ్లికి ముందు పరీక్ష చేయించుకున్నట్టు సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. ఫలితం మాత్రం ఆ జంట సొంత విషయం. ఇద్దరూ క్యారియర్లని తెలిసినా చాలామంది పెళ్లి మానుకోలేదు, గర్భం వచ్చాక పిండానికి పరీక్ష చేయించుకున్నారు. ఆ దేశంలో ఈ జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. తెలుసుకుంటే సంబంధాలు చెడతాయన్న మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

నడిచే బదులు రక్తం ఇవ్వొచ్చుగా అనేవారితో నాకు పేచీ లేదు. వేసవిలో కాలేజీలు మూతపడి రక్తదాన శిబిరాలు తగ్గేది సరిగ్గా ఈ రోజుల్లోనే, పిల్లలకు మాత్రం రక్తం వాయిదా వేయడం కుదరదు. నడక, దానం రెండూ చేయొచ్చు. జబ్బు బిడ్డను ముందు నిలబెట్టి ఫొటోలు తీయడం మాత్రం నాకు గిట్టదు. వాడి బదులు అక్క నడిస్తేనే మర్యాద.

నిర్వాహకులకు ఒక విన్నపం. ఇడ్లీ పొట్లాల బల్ల పక్కనే రక్తం నమూనాలు తీసుకునే బల్ల కూడా వేయండి. రిపోర్టు వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా ఎవరిది వారి చేతికే ఇవ్వండి. అది చదివి చెప్పడానికి ఒక కౌన్సెలర్‌ను కూర్చోబెట్టండి. ఇక తోబుట్టువులకు ఒకే మాట: పెళ్లిచూపులదాకా ఆగకండి, ఈ నడక రోజునే చెయ్యి చాపి నమూనా ఇచ్చి వెళ్లండి.