ఉగ్రవాదం: కారణాన్వేషణలో రెండు పొరపాట్లు

అనేక మతాలు, భాషలు, జాతులు కలిసి జీవించే మన దేశంలో ఉగ్రవాదాన్ని గూర్చి వెలువడే రచనలలో రెండు వాదాలు పదే పదే కానవస్తాయి. దీనికి మూలం ఫలానా మతంలోనే ఉన్నదనేది మొదటిది. అన్యాయానికి గురియైనవాడు ఆయుధం పట్టడం సహజమే గదా అనేది రెండవది. పైకి ఇవి పరస్పర విరుద్ధాలు. కాని రెండూ చేసే పని ఒక్కటే. నేరం చేసిన వ్యక్తిని తెరచాటుకు పంపి, అతడు పుట్టిన సముదాయాన్ని ముందుకు తెస్తాయి. మొదటి వాదం ఆ సముదాయాన్ని బోనులో నిలబెడుతుంది. రెండవది దాని తరఫున మాట్లాడే హక్కును తుపాకి పట్టినవాని చేతికిస్తుంది.

మొదటి వాదాన్ని చరిత్ర నిలబడనివ్వదు. 1960ల చివర శ్రీకాకుళం కొండలలో తుపాకి పేలింది భూమి కోసం, వడ్డీ వ్యాపారుల దోపిడి మీద. 1991లో రాజీవ్ గాంధీని బలిగొన్న హంతకులు ఏ మతం పేరిటా రాలేదు.

మిజోరం ఉదాహరణ మరింత ఆలోచింపదగినది. 1959లో వెదురు పూచి, ఎలుకలు పెచ్చుమీరి, పంటలు పోయి కరవు వచ్చింది. నాటి అస్సాం ప్రభుత్వం సకాలంలో ఆదుకోలేదు. కరవు సహాయానికై పుట్టిన సంస్థే 1961లో రాజకీయ సంస్థగా మారి, 1966లో తిరుగుబాటు చేసింది. ఐజ్వాల్ పై ప్రభుత్వ విమానాలు బాంబులు వేశాయి. ఇరవై ఏళ్ళ రక్తపాతం తరువాత 1986 జూన్ 30న ఒడంబడిక కుదిరింది. తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగా ముఖ్యమంత్రి అయ్యాడు. ఒప్పందం నిలిచింది.

పంజాబులో ఇట్లు జరగలేదు. 1985 జూలై ఒప్పందం ప్రకారం చండీగఢ్ ను 1986 జనవరి 26 నాటికి పంజాబుకు అప్పగించవలసి ఉండగా, అది జరగలేదు. అంతకు ముందే, సంతకం చేసిన లోంగోవాల్ ను ఉగ్రవాదులే హతమార్చారు. మాట తప్పిన ప్రభుత్వం, మాట కలిపినవానిని చంపిన తుపాకి, ఈ రెండింటి నడుమ నలిగినవారు సామాన్య ప్రజలు. రెండవ వాదం బలహీనత ఇక్కడే బయటపడుతుంది. కారణం వేరు, సమర్థన వేరు. బస్సు ఆపి ప్రయాణికులను కాల్చిచంపడాన్ని ఏ అన్యాయమూ న్యాయం చేయజాలదు.

చట్టం సంగతి? 1987 నాటి టాడా, పోలీసు అధికారి ఎదుట చెప్పిన నేరాంగీకారాన్ని సాక్ష్యంగా చెల్లనిచ్చింది. డెబ్బై వేలమందికి పైగా అరెస్టయినారు. శిక్ష పడినవారు నూటికి ఇద్దరైనా లేరు. 1995లో ఆ చట్టం గడువు తీరింది, కాని ఆ పద్ధతి పోలేదు. 2007 మే 18, శుక్రవారం హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి నమాజీలు మరణించారు. తరువాత పోలీసు కాల్పులలో మరికొందరు అసువులు బాశారు. అనుమానంపై పట్టుబడి, కుట్ర కేసులలో ఇరుక్కున్న ముస్లిం యువకులు పలువురు నిర్దోషులుగా తేలారు. ఆపై విచారణకు వచ్చిన మరో ఐదుగురిని 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు విడిచిపెట్టింది. హంతకులెవరో ఆ విచారణలో తేలనే లేదు.

ఈ బాధ మనది. అందుచేత మరొక మాట కూడా మనమే అనాలి. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కులలో నలభై మందికి పైగా మరణించారు. 2018లో ఆ కేసులో శిక్ష పడినవారు ముస్లిం పేర్లు గలవారు. మక్కా మసీదుకు కన్నీరు కార్చి, గోకుల్ చాట్ దగ్గర మౌనం వహిస్తే మన న్యాయం సగం న్యాయమే అవుతుంది. ఒక జాతిపై గల ద్వేషం సైతం మనలను న్యాయం నుండి తప్పించరాదన్నది మాయిదా సూరా బోధ. తమతో ఏకీభవించని ముస్లిములను అవిశ్వాసులుగా ప్రకటించిన ఖారిజీలు క్రీ.శ. 661లో హజ్రత్ అలీ (ర) ప్రాణాలనే తీశారు. బాటసారులను భయపెట్టి దోచి చంపే హిరాబాను మన ధర్మశాస్త్రవేత్తలు ఘోర నేరాలలో చేర్చారు. చేసినవాడు నమాజీ అయినందువల్ల దానిని తేలిక పరచలేదు.

కనుక కారణం అడగడం మానరాదు. కారణాన్ని సాకుగా మార్చనూరాదు. నిర్దోషి విడుదలను, దోషి శిక్షను ఒకే గొంతుతో కోరగలిగిన సముదాయం మాటనే ఇతరులు వింటారు. ఆ గొంతు మనకున్నదా? పాఠకులు ఎవరికి వారే ప్రశ్నించుకొందురు గాక!