ఏ ఊరి వేమూరి వాళ్లు?

మా గుడివాడ వైపు పెళ్లిళ్లలో కొత్తవాళ్లు పక్కన కూర్చుంటే మొదటి ప్రశ్న "మీ ఇంటిపేరేంటండీ?" చెప్పీ చెప్పగానే రెండోది: "ఏ ఊరి వేమూరి వాళ్లు?" ఇంటిపేరు ఒక్కటీ తెలిస్తే ఎవరికీ సరిపోదు. ఊరు తెలియాలి, ఆ ఊళ్లో ఏ తాత సంతానమో తెలియాలి, ఆ ఇంటి ఆడపిల్లల్ని ఎక్కడెక్కడ ఇచ్చారో తెలియాలి. నాలుగు ప్రశ్నలు దాటేలోపు ఎక్కడో ఒకచోట చుట్టరికం తగులుతుంది. ఈ మాటలు వింటూ పెరిగిన నేను కొన్నేళ్లుగా అడిగినవాళ్లకు వంశవృక్షాలు రాసిపెడుతున్నాను. ఆ పని చేసేకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒక్కటే: ఇంటిపేరు మన పెద్దలు నడిచి వచ్చిన దారి చెబుతుంది. మన రక్తం సంగతి దానికి తెలిసింది చాలా తక్కువ.

దారి అంటున్నది ఊరికే కాదు. మన ఇంటిపేర్లలో పెద్ద భాగం ఊళ్ల పేర్లే. వేమూరు విడిచి వచ్చినవాళ్లు వేమూరివారు, తుర్లపాడు నుంచి వచ్చినవాళ్లు తుర్లపాటివారు, పసుమర్రు వాళ్లు పసుమర్తివారు. ఉన్న ఊళ్లో ఉన్నంతకాలం ఆ పేరుతో ఎవరూ పిలవరు. కరువుకో, కొలువుకో, ఈనాం భూమికో ఇంకో ఊరు చేరాక అక్కడివాళ్లు ఫలానా ఊరివాళ్లని పిలవడం మొదలుపెడతారు. అంటే ఇంటిపేరు వదిలి వచ్చిన ఊరి గుర్తు. అందరివీ ఊళ్లే కావు. అక్కినేని వంటి పేర్ల చివర ఉన్న "నేని" నాయుడు, నాయకుడు అన్న గౌరవ పదం అరిగి మిగిలింది. అక్కడ ఊరికి బదులు ఒక మనిషి కనిపిస్తాడు. శెట్టి, భట్ల, బోయిన అన్నవి చేసిన పనినో పొందిన హోదానో మోసుకొచ్చాయి. నాగార్జున విశ్వవిద్యాలయంలో యార్లగడ్డ బాలగంగాధరరావు గారు ఊళ్ల పేర్లనూ ఇంటిపేర్లనూ శాస్త్రీయంగా పరిశీలించి పుస్తకాలు రాశారు. ఈ పని మీద ఇష్టం ఉన్నవాళ్లు ఆయన దగ్గర మొదలుపెట్టాలి.

ఘంటసాల సంగతే తీసుకోండి. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న మా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. ఆయన ఇంటిపేరులో ఉన్న ఊరు ఇదే జిల్లాలో, చల్లపల్లికి దగ్గరలో ఉంది. ఇప్పుడు మండల కేంద్రం. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళవేత్త మన తీరాన్ని మైసోలియా అని పిలిచి, అక్కడి వర్తక కేంద్రాల్లో కంటకస్సైలను రాశాడు. నాగార్జునకొండ శాసనాల్లో అదే ఊరు కంటకసేల. అక్కడి బౌద్ధ స్తూపాన్ని పంతొమ్మిదో శతాబ్దం చివర అలెగ్జాండర్ రీ తవ్వించాడు. రోము దాకా సరుకు పంపిన రేవు పేరు ఈనాడు రేడియోలో పాటకు ముందు వినిపిస్తోందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయితే పందొమ్మిది వందల ఏళ్ల వయసు ఊరి పేరుకే చెల్లుతుంది. ఆ పేరు ఇంటిముందు ఉన్నంత మాత్రాన ఆ వర్తకుల సంతానమని ఎవరూ చెప్పుకోలేరు.

ఇంకో జంట చూడండి. విశ్వనాథ సత్యనారాయణ పుట్టిన ఊరు నందమూరు. నిమ్మకూరులో 1923 మే 28న పుట్టిన తారక రామారావు ఇంటిపేరు నందమూరి. బెజవాడ కాలేజీలో ఆ గురువు దగ్గర ఈ శిష్యుడు తెలుగు చదువుకున్నాడు. గురువు ఊరి పేరే శిష్యుడి ఇంటిపేరు. అంతమాత్రాన వాళ్లిద్దరి మధ్య రక్తసంబంధం వెతికేవాళ్లెవరూ లేరు కదా!

ఈ మాట ఎందుకు తెచ్చానంటే, ఒకే ఇంటిపేరువాళ్లంతా ఒకే మూలపురుషుడి సంతానమని మనలో గట్టి నమ్మకం. కానీ వేమూరి, ముక్కామల ఇంటిపేర్లు ఒకటి కంటే ఎక్కువ కులాల్లో ఉన్నాయి. ఒక ఊరి నుంచి బ్రాహ్మడూ రైతూ వేర్వేరు కాలాల్లో వేర్వేరు ఊళ్లకు తరలి, ఇద్దరూ ఆ ఊరి పేరే పెట్టుకున్నారు. ఒకే కులంలో కూడా ఆ ఊరి నుంచి సంబంధం లేని నాలుగు కుటుంబాలు బయల్దేరి ఉండొచ్చు. "ఏ ఊరి వేమూరి వాళ్లు?" అన్న మన పెద్దల ప్రశ్నకు కారణం ఇదే. ఒట్టి ఇంటిపేరు ఏమీ తేల్చదని వాళ్లకు ఎప్పుడో తెలుసు.

ఇంగ్లండులో దీన్ని ప్రయోగశాలలో పరీక్షించారు. తండ్రి నుంచి కొడుక్కి వై క్రోమోజోము దాదాపు మారకుండా వస్తుంది. ఇంటిపేరూ అదే దారిన వస్తుంది. రెండూ కలిసే నడిచాయా అన్నది ప్రశ్న. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మంది మగవాళ్ల నమూనాలు తీసుకుని 2000లో ఫలితం ప్రకటించాడు. యార్క్‌షైర్ ప్రాంతంలో వాగు పేరు మీద వచ్చిన ఇంటిపేరది. వాగులు ఎన్నో ఉంటాయి కాబట్టి మూలపురుషులూ ఎందరో ఉండాలని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే సగానికి కాస్త తక్కువ మంది ఒకే క్రోమోజోము మోస్తున్నారు. తర్వాత లెస్టర్ విశ్వవిద్యాలయంలో ట్యూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మందిని పరీక్షించి 2009లో రాశారు. అటెన్‌బరో వంటి అరుదైన పేర్లలో ఎక్కువమంది ఒకే మగ సంతతి. స్మిత్ అంటే కమ్మరి. ఊరూరా కమ్మరి ఉన్నాడు కాబట్టి స్మిత్‌ల మధ్య పోలిక, దారిన పోయే ఇద్దరి మధ్య ఉండే పోలిక కంటే ఎక్కువేమీ కనబడలేదు. ఊరి పేరు ఇంటిపేరైన మన కుటుంబాలను ఈ లెక్కన చూస్తే, పెద్ద ఊళ్ల పేర్లు స్మిత్ దారిలోనే ఉంటాయని నా అంచనా.

ఒకే తాత సంతానమని తేలినా ఆ గొప్ప ఎంత? కూచిపూడిలో 1763 నాటి పంపకాల పత్రం ఒకటుంది. అందులో పదిహేను ఇళ్లవాళ్ల పేర్లున్నాయి. వేదాంతం, వెంపటి, భాగవతుల, పసుమర్తి ఇళ్లవాళ్లు అప్పటికే అక్కడున్నారు. ఇంత చక్కని ఆధారం దొరికే ఊళ్లు మన డెల్టాలో తక్కువ. ఆ పత్రం నాటి నుంచి ఇప్పటికి సుమారు పది తరాలు. పది తరాల వెనక్కి వెళితే ప్రతి మనిషికీ 1,024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. మన ఇంటిపేరు ఆ 1,024లో ఒక్కరి నుంచే వస్తుంది. మిగిలిన 1,023 మంది సంగతి ఇంటిపేరుకు పట్టదు. వై క్రోమోజోము మొత్తం జన్యు సామగ్రిలో రెండు శాతం దాకా ఉంటుంది, అదీ మగవాళ్లలోనే.

మన దగ్గర ఆ 1,024 స్థానాల్లో అంతమంది మనుషులు కూడా ఉండరు. మేనరికాలే కారణం. ఇంటిపేరు ఒకటైతే పది తరాల దూరమున్నా పెళ్లి కుదరదంటాం. మేనమామ కూతురి ఇంటిపేరు వేరు కాబట్టి నిక్షేపంగా చేసుకోమంటాం. మేనమామకు, మేనకోడలికి జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి. మేనమామ కూతురితో ఎనిమిదో వంతు. పది తరాల కిందట విడిపోయిన దాయాదితో లెక్కకందని రవ్వంత. రక్తం దగ్గరవుతుందన్న భయంతో పెట్టుకున్న కట్టుబాటే అయితే అది తలకిందులుగా ఉంది. సగోత్రుల పెళ్లిని చట్టం 1946లోనే ఒప్పుకుంది. మన పెద్దమనుషులు ఇంకా ఒప్పుకోలేదు. ఇంటిపేరు కలిసిందని మంచి సంబంధం వదులుకుని, వరసగా మూడో తరం మేనరికం చేసే ఇళ్లను చూసి నేను బాధపడుతూనే ఉన్నాను.

కులం లోపలే పెళ్లిళ్లు జరిగితే ఏమవుతుందో కూడా శాస్త్రం చూసింది. మన వైశ్యుల్లో రెండు మూడు వేల ఏళ్లుగా బయటి రక్తం దాదాపు కలవలేదని 2009లో ప్రకటించిన పరిశోధన చెప్పింది. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలూ అందులో ఉన్నారు. ఆపరేషనుకు ముందు కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు ఆ వైశ్యుల్లో కొందరికి పడదు. దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒంట్లో లోపించడమే కారణం. మత్తు డాక్టరుకు ఇంటి వివరం చెప్పడం అక్కడ ప్రాణం కాపాడే పని. ఇంటిపేర్ల విద్యకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు తెలియదు.

చుట్టరికం లెక్క మనవాళ్లు ఎలా పట్టారో చెప్పాలి. చావు కబురు వస్తే, వాళ్లు మనకు పది రోజుల మైలవాళ్లా, మూడు రోజుల మైలవాళ్లా, స్నానంతో పోయేదా అని అడుగుతారు. అది తరాల దూరాన్ని కొలిచే కొలబద్ద. కాగితం లేని ఇళ్లలో వంశవృక్షాన్ని నిలబెట్టింది ఈ మైలే. పొగిడి అడుక్కునేవాళ్లని లోకం చిన్నచూపు చూసిన పిచ్చుకుంట్లవారు రైతు కులాల గోత్రాలూ వంశాలూ నోటికి చెప్పేవారు. తెలుగు నేల మీద ఇలాంటి ఆశ్రిత కులాలు ఎన్నో. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు. ఒక్కొక్కరిదీ ఒక గ్రంథాలయం. వాళ్లకు మనం పెట్టింది గుప్పెడు గింజలు.

మన వైపు కాగితాన్ని నీళ్లు కూడా నిలవనివ్వలేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతంలో ముప్పై వేల మంది దాకా పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. ఆ తర్వాత మిగిలినవాళ్లు చెల్లాచెదురయ్యారు. 1984లో కరణీకాలు రద్దయ్యాయి, అది జరగవలసిందే. కానీ ఊళ్లో ఎవరి ముత్తాత ఎక్కణ్ణుంచి వచ్చాడో నోటికి చెప్పే మనిషి కూడా వాటితోనే వెళ్లిపోయాడు. సముద్రం దాటినవాళ్లది ఇంకో కథ. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ దారిన వెళ్లిన తెలుగు కూలీలకు కాగితాల మీద సొంతపేరు, తండ్రిపేరు, ఊరు రాశారు. ఇంటిపేరు నిలవలేదు. నాయుడు అన్న గౌరవ పదమే చాలా కుటుంబాలకు ఇంటిపేరైపోయింది.

దత్తత వెళ్లినా ఇంటిపేరు మారుతుంది. ఇల్లరికం వెళ్లిన చోట కొన్నిసార్లు పిల్లలకు తల్లి వైపు పేరు వస్తుంది. ఇవన్నీ కలిపినా, ఆడవాళ్ల విషయంలో జరిగే నష్టం ముందు చిన్నవే. నేను రాసిన వంశవృక్షాల్లో ముత్తాత పేరు చెప్పలేనివాళ్లు అరుదు, తాతమ్మ పుట్టింటి పేరు చెప్పగలిగినవాళ్లూ అరుదే. ఆ తల్లుల దారి ఎంత గట్టిదో చూడండి. ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ 1485లో యుద్ధంలో చచ్చాడు. 2012లో లెస్టర్‌లో కార్లు నిలిపే స్థలం కింద అస్థిపంజరం దొరికింది. అది ఆయనదేనని తేలడానికి తోడ్పడింది ఆయన అక్క సంతానం. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి కూతురికి ఇంటిపేర్లు మారుతూ ఐదు వందల ఏళ్లు గడిచినా, తల్లుల దారిన వచ్చే జన్యువు ఇప్పుడు బతికున్నవాళ్లలో సరిపోయింది. రాజవంశమని పుస్తకాల్లో పదిలంగా రాసుకున్న మగవాళ్ల దారిలో మాత్రం వై క్రోమోజోము కలవలేదు. ఎక్కడో ఒక తరంలో రాసిన తండ్రి ఒకరు, కన్న తండ్రి ఒకరు.

అందుకే చదివేవాళ్లకు నా విన్నపం. ఇంట్లో డెబ్బై దాటిన ఆడవాళ్లుంటే ఈ ఆదివారం పక్కన కూర్చుని అడగండి. వాళ్ల పుట్టింటి పేరు, వాళ్ల అమ్మ పుట్టింటి పేరు, వాళ్ల అమ్మమ్మది, ఊళ్లతో సహా. చెప్పింది చెప్పినట్టు తేదీ వేసి రాసిపెట్టండి. మీ ఇంట్లో పెళ్లి శుభలేఖ అచ్చువేయిస్తుంటే తాతల పేర్ల పక్కన అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి పేర్లు కూడా వేయించండి.