పెరటి పాడికి ఏ మేక?

ఇంటి పాల కోసం మేకను కొందామనుకునే వాళ్లు ముందుగా అడిగే మాట ఒకటే: ‘‘ఏ జాతి మంచిదండీ?’’ ఫోన్లో వీడియోలు చూసి వచ్చుంటారు కాబట్టి జవాబు కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. జానెడు చెవులు వేలాడుతూ, ముక్కు వంపు తిరిగి, గుమ్మం ముందు కడితే పదిమందీ ఆగి చూసే జమునాపారి కావాలంటారు.

దాని గొప్పను నేను కాదనను. ఉత్తరప్రదేశ్‌లో యమున, చంబల్ నదుల నడుమ ఎటావా ప్రాంతం దాని పుట్టిల్లు. బాగా మేపితే రోజుకు లీటరున్నర, రెండు లీటర్లు ఇస్తుంది. ఇంగ్లండ్‌లో పేరుపడిన ఆంగ్లో నూబియన్ మేకల్లో దాని రక్తం ఉంది. అయితే అది కంపల్లో, పొదల్లో తిరుగుతూ, తలెత్తి ఆకు తుంచుకుంటూ బతికిన జీవం. ఇంటి వెనక ఇరుకు జాగాలో గుంజకు కట్టేసి గడ్డి పడేస్తే చిక్కిపోతుంది.

అందుకే జాతి సంగతి పక్కనపెట్టి నేను మూడు విషయాలు అడుగుతాను. పెరడెంత? రొట్ట ఎక్కడినుంచి తెస్తారు? ఇంటికి ఎన్ని పాలు కావాలి? 30 కిలోల మేకకు రోజూ 3, 4 కిలోల పచ్చిమేత ఉండాలి. సుబాబులో, అవిసో చేతికందేలా ఉంటే సగం చింత తీరినట్టే. పైన కాస్త దాణా చాలు.

పాల లెక్క దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. లీటరిచ్చే మేక అంటే ఇంటికి లీటరని కాదు. మొదటి నెలల్లో ఒక్కో పిల్ల అరలీటరు దాకా తాగేస్తుంది. జమునాపారి ఎక్కువగా ఒక్క పిల్లనే ఈనుతుంది. బర్బరికి కవలలు మామూలే. అంటే లీటరు బర్బరి కవలలను ఈనితే తొలి రోజుల్లో మన గిన్నెలో పడేది అంతంతమాత్రమే. పిల్లలు రొట్ట కొరకడం మొదలుపెట్టాక రాత్రిపూట వాటిని గంప కింద కమ్మి, పొద్దున్నే మన వాటా పితుక్కుని, పగలు తల్లి దగ్గరికి వదలడం పల్లెల్లో పాత పద్ధతి. ఇప్పటికీ అంతకన్నా మంచిది నాకు కనిపించలేదు.

ఇక మేకను చూడటం. పాలమూరు వైపు మందలు కాసే ఒక పెద్దాయన నాకు నేర్పిన పాఠమిది. ‘‘చెవులు జూసి ఏం జేస్తవ్ సారూ, పొదుగు జూడు’’ అంటూ మేక వెనక గొంతుకు కూర్చుని పితకడం మొదలుపెట్టాడు. బొటనవేలు, చూపుడువేలుతో చన్ను మొదట్లో బిగించి, మిగతా వేళ్లు ఒక్కొక్కటే మూస్తూ ధార కొట్టాడు. తొలి ధార గిన్నెలోకి కాదు, నల్లటి మూకుట్లోకి. అందులో తెల్లటి పలుకులు కనిపిస్తే పొదుగువాపు ఉన్నట్టు. పితకడం అయ్యేసరికి నిండుగా ఉన్న పొదుగు ముడతలుపడి ఖాళీ సంచిలా వేలాడింది. ‘‘గిట్ల గుంజుకపోతే పాల పొదుగు. పిండినా గట్లనే ఉన్నదంటే కండ’’ అన్నాడు.

సంతకు తెచ్చే ముందు ఒకపూట పితక్కుండా వదిలేస్తే ఏ పొదుగైనా బిగిసి కనిపిస్తుంది. కాబట్టి మీ ఎదురుగా పితికించండి. వీలైతే మర్నాడు మళ్లీ వెళ్లి చూడండి. పళ్లు పట్టి చూసి, రెండో ఈత మేకను ఎంచుకోండి. మెడ కింద చన్నులు వేలాడే మేక ఎక్కువ పాలిస్తుందని బేరగాళ్లు చెబుతారు. మేకమెడ చన్నుల సామెత వాళ్లకూ తెలుసు.

ఇంతా అయ్యాక జాతి. స్విట్జర్లాండ్ సానెన్ పాలు దండిగా ఇస్తుంది గానీ, రోహిణి కార్తె ఎండకు ఓర్చదు. గురుదాస్‌పూర్, అమృత్‌సర్ ప్రాంతపు బీటల్ పాలలో జమునాపారికి దగ్గర్లోనే ఉంటుంది, కట్టి మేపినా సర్దుకుంటుంది. ఆగ్రా, మథుర వైపు బర్బరి పొట్టిది. నిక్కబొడుచుకున్న చిన్న చెవులు, తెల్లటి ఒంటిమీద గోధుమరంగు మచ్చలు. చిన్న పెరట్లో కట్టి మేపడానికి దాన్ని మించింది లేదు. మరాఠ్వాడా ఉస్మానాబాదీకి తెలంగాణ ఎండ కొత్త కాదు. పాలు అరలీటరు నుంచి లీటరు.

ఏ జాతైనా ఒక్కదాన్నే తేవద్దు. ఒంటి మేక అరుపుకి వాడంతా లేస్తుంది. పైగా మన మేకలు ఈనిన ఐదారు నెలలకు వట్టిపోతాయి. చూడి కాలం మరో ఐదు నెలలు. ఆరు నెలల తేడాతో ఈనేలా రెండు మేకలుంటే ఏడాది పొడుగునా ఇంట్లో పాలుంటాయి. పోతును మాత్రం ఇంట కట్టొద్దు. ఎదకొచ్చినప్పుడు మందకు తోలుకెళితే సరి. మేకపాలు కంపని ముక్కు మూసుకునేవాళ్లకు తెలియాల్సింది, ఆ కంపు చాలావరకు పక్కనున్న పోతుదీ, కడగని చేతులదీ అని. నట్టల మందు, పారుడు రోగం టీకా వేళ తప్పకుండా వేయించాలి.

డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని పచ్చి మేకపాలకు ఎగబడతారు. పెరుగుతాయనడానికి గట్టి ఆధారం లేదు. పచ్చిపాలతో బ్రూసెల్లా జ్వరం రావచ్చన్నది మాత్రం నిజం. కాచే తాగండి. ఏడాదిలోపు పసిపిల్లలకు తల్లిపాల బదులు మేకపాలు పట్టొద్దు. వాటిలో ఫోలిక్ యాసిడ్ తక్కువ, రక్తం పడిపోతుంది.

నన్నడిగితే, పట్నం పెరడైతే రెండు బర్బరీలు. చేలగట్టు, రొట్ట ఉన్నవాళ్లకు బీటల్. రెండూ దొరక్కపోతే మీ ఊరి మందలోనే పొదుగున్న నల్లమేక. జమునాపారి కావాలంటే ముందు దానికి తిరిగే చోటు చూపించండి.